మూలప్రతి చెడిపోలేదు



ఈ నెల ఒక ట్యాబ్‌ను గూర్చి వ్రాస్తున్నాను. "పాస్టరుగారికి వ్రాయడానికి వాక్యము దొరకలేదా?" అని అనుకోకండి. వాక్యమునకే వస్తాను. అయితే ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. మా సంఘము ఎదుట ఒప్పుకొన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడ ఒప్పుకొంటున్నాను. అటువంటిది మీ ఇంట జరుగకూడదని నా ఆశ.

శామీర్‌పేట చెరువుకు కొంత దూరములో ఉన్న ఒక గ్రామములో మన సంఘమునకు చెందిన కుటుంబము ఉన్నది. ఇంట్లో ఇప్పుడు ముగ్గురే. నాయనమ్మ, కోడలు, మనవరాలు. ఆ తల్లి ఒక్కగానొక్క కొడుకు 2022లో ప్రభువునందు నిద్రించాడు. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కొని, డోలక్ భుజాన వేసుకొని గృహ ప్రార్థనకు వచ్చేవాడు. పాట ఎత్తుకోవాలంటే ఆయనే ఎత్తుకోవాలి.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడిన సంగతి మీకు జ్ఞాపకమే. ఆ సంవత్సరము సెప్టెంబర్ 1 నుండి మన రాష్ట్రములో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పిల్లలకు పాఠాలు మొదలైనవి. ఊరిలో ఎక్కడ చూసినా పిల్లలు టీవీ ముందో, ఫోను ముందో. అప్పుడే ఆ సహోదరుడు వాయిదాల మీద కూతురికి ఒక ట్యాబ్ కొన్నాడు. పగలు కూతురు పాఠాలు వినేది, రాత్రి తండ్రి తన పాటలు అందులో రికార్డు చేసేవాడు. ఆయన పోయిన తరువాత ఆ ట్యాబ్ సంగతి మారిపోయింది. మనవరాలికి అది చదువు. నాయనమ్మకు అది కొడుకు గొంతు. రోజూ పడుకునే ముందు ఒక్క పాట పెట్టించుకొని విని, ప్రార్థించుకొని పడుకొనేది.

పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ ట్యాబ్‌కు అప్‌డేట్ వచ్చింది. అమ్మాయి సరే అని నొక్కి పడుకొన్నది. ఛార్జర్ తీగ వదులుగా ఉన్నది, అప్‌డేట్ సగములో ఉండగానే బ్యాటరీ అయిపోయింది. తెల్లవారి చూస్తే కంపెనీ పేరు వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. లోపలికి పోదు. అమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరము బైపీసీ, ముందర పరీక్షలు, ఆ వెనుక ఎప్‌సెట్. ఇంటిల్లిపాదికి గాబరా.

ఆ దినము నేను గృహ దర్శనమునకు వెళ్లాను. మన సంఘములో మైకు సెట్టు చెడినా, ప్రొజెక్టర్ ఆడకపోయినా నేనే చూస్తాను. కొంచెము తెలుసు, ఆ కొంచెముతోనే ధైర్యము ఎక్కువ. ట్యాబ్ చేతికి తీసుకొన్నాను. ఎక్కడో చూసి నేర్చుకొన్న ప్రకారము పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి పట్టాను. నల్లని తెర మీద చిన్న అక్షరాల వరుస వచ్చింది. అందులో ఫ్యాక్టరీ రీసెట్ అన్నది ఒకటి ఉన్నది.

నాయనమ్మ నా పక్కన కూర్చొని అడిగింది. "అయ్యగారూ, గండ్ల నా కొడుకు పాటలున్నయ్. అవి పోవు గద?"

"పోవమ్మా, ఏం కాదు" అన్నాను.

నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను. చెప్పి నొక్కాను.

రెండు నిమిషాలలో అంతా చెరిగిపోయింది. ట్యాబ్ మళ్లీ మొదలైంది. కంపెనీ పేరు వెలిగింది, ఆరిపోయింది, మళ్లీ వెలిగింది. పాటలు పోయినవి, జబ్బు మాత్రము అలాగే ఉన్నది.

మేడ్చల్‌లోని దుకాణములో

మరుసటి దినము ఆ ట్యాబ్‌ను సంచిలో పెట్టుకొని, అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద స్కూటరుపై మేడ్చల్ వెళ్లాను. బస్టాండుకు దగ్గరలో ఫోన్లు బాగుచేసే ఒక యౌవనస్థుడు ఉన్నాడు. చిన్న దుకాణమే, కాని ఏ పనిలో చేయి పెట్టినా ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. నేను చేసినదంతా చెప్పాను. అతడు తల అడ్డముగా ఊపాడు.

"పాస్టర్ గారూ, రీసెట్ అంటే ఇంట్ల సామాను బయట పడేసుడు. మీకు పగిలింది గోడ. సామాను పడేస్తే గోడ అతుక్కుంటదా?"

ఆ మాట నాకు తగిలింది. అతడు వివరముగా చెప్పినది, తరువాత నేను చదివి సరిచూసుకొన్నది కలిపి మీకు తేటగా చెబుతాను.

ట్యాబ్ లోపలి జ్ఞాపకశక్తి ఒకే పెట్టె కాదు, భాగాలుగా విభజించి ఉంటుంది. మొదటి భాగములో బూట్‌లోడర్ అనే చిన్న కార్యక్రమము ఉంటుంది. మీట నొక్కగానే ముందు లేచేది అదే. అది లేచి రెండవ భాగములో ఉన్న అసలు వ్యవస్థను లేపుతుంది. ఆండ్రాయిడ్ అని మనము పిలిచేది ఈ వ్యవస్థనే. మూడవ భాగములో మనము పెట్టుకొన్న ఫొటోలు, పాటలు, పాఠాలు, పేర్లు, నంబర్లు ఉంటవి. ఫ్యాక్టరీ రీసెట్ ఈ మూడవ భాగమును మాత్రమే చెరుపుతుంది. రెండవ భాగము జోలికి పోదు. మనము పెట్టుకొన్న ఏ అప్లికేషనో, ఏ సెట్టింగో తిరగబడితే రీసెట్ పని చేస్తుంది. అసలు వ్యవస్థలోనే ఒక ముక్క విరిగితే రీసెట్ వలన మన సొత్తు పోతుంది తప్ప రోగము పోదు.

అటువంటప్పుడు చేయవలసినది వేరు. ఆ ట్యాబ్‌ను తయారుచేసిన కంపెనీ, ఆ మోడల్ కొరకే సిద్ధపరచిన అసలు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ ద్వారా మళ్లీ లోపల వ్రాయాలి. దుకాణాలలో దీనినే "సాఫ్ట్‌వేర్ కొట్టడం" అంటారు, ఫ్లాషింగ్ అని కూడ అంటారు.

యంత్రము ఒళ్లు బాగానే ఉండి లోపలి వ్రాత చెడిపోవడము ఒక్క మన ఊరి ట్యాబ్‌కే జరిగేది కాదు. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒకే ఒక తప్పు ఫైలు వలన ప్రపంచములో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయినవి. మన శంషాబాద్ విమానాశ్రయములో కూడ ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో వ్రాసి ఇచ్చారు. ఆ కంప్యూటర్ల తెరలు పగలలేదు, తీగలు తెగలేదు. తెరుచుకొనే మొదటి క్షణములో చదువవలసిన వ్రాత తప్పుగా ఉన్నది, అంతే.

మేడ్చల్ తమ్ముడు పని ఎలా చేశాడో కూర్చొని చూశాను. ముందు ట్యాబ్ వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మోడల్ నంబరు భూతద్దముతో చదివి కాగితము మీద వ్రాసుకొన్నాడు. "పేరు ఒకటే ఉంటది, నంబర్ల ఒక్క అక్షరం తేడా ఉంటది. తప్పుది ఎక్కిస్తే ఉన్న ప్రాణం పోతది" అన్నాడు. బ్యాటరీ సగము కంటె ఎక్కువ నిండేవరకు ఆగాడు. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన అసలు ప్యాకేజీ దింపుకొన్నాడు. మూడు గిగాబైట్లు దాటి ఉన్నది, దిగడానికే గంట పట్టింది. పాత సంచిక కాకుండా చివరగా వచ్చినదే ఎందుకు తీసుకొన్నావని అడిగితే, ట్యాబ్‌లో ఉన్న బూట్‌లోడర్ తన కంటె పాత వ్యవస్థను రానీయకపోవచ్చని చెప్పాడు. దొంగచేతులు పాత లోపాల ద్వారా చొరబడకుండా ఆ కాపలా పెట్టారట.

తరువాత మంచి కేబుల్ ఏరి కంప్యూటరుకు తగిలించాడు. వ్రాయడము మొదలైన తరువాత మాత్రము తానూ ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనీయలేదు. తెర మీద ఒక గీత నెమ్మదిగా నిండింది. పది నిమిషాలు పట్టింది. ట్యాబ్ తనంతట తాను ఆగి, లేచింది. కంపెనీ పేరు వెలిగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆరిపోలేదు. భాష ఎన్నుకోమని అడిగింది.

కాని తరువాత మరొక తలుపు అడ్డమైంది. ఇంతకు ముందు ఇందులో వాడిన గూగుల్ ఖాతా పేరు, రహస్య పదము చెప్పమన్నది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుండి ఈ కట్టడి ఉన్నది. దొంగిలించినవాడు రీసెట్ చేసి అమ్ముకోకుండా పెట్టిన తాళమది. ఆ ఖాతా చనిపోయిన సహోదరునిది. ఫోను చేస్తే ఆయన భార్య పాటల నోటుపుస్తకము వెదికి, చివరి పేజీలో ఆయన చేతి వ్రాత చూసి ఒక్కొక్క అక్షరము చదివి చెప్పింది. తలుపు తెరుచుకొన్నది. ఆయన దాచిన పేర్లు, నంబర్లు వరుసగా తిరిగి వచ్చినవి, అవి ఖాతాలో భద్రముగా ఉన్నవి గనుక. పాటలు రాలేదు. అవి ట్యాబ్‌లో మాత్రమే ఉన్నవి.

"తవ్వి తీయలేవా తమ్ముడూ?" అని అడిగాను. "ఈ కాలపు ట్యాబ్‌లల్ల సమాచారం తాళం పెట్టి రాసి ఉంటది. రీసెట్ కొడితే ఆ తాళంచెవి పోతది. తీస్తమని పైసలు అడిగేటోళ్లుంటరు, ఇయ్యకండి" అన్నాడు. కొంచెము ఆగి, "రీసెట్ కాకముందు తెస్తే వేరే తీరుగ చూసేటోణ్ణి" అన్నాడు. కొన్ని మోడళ్లలో మన సమాచారము చెరపకుండా అసలు వ్యవస్థను మాత్రమే తిరిగి వ్రాసే మార్గము ఉన్నదట. ఖాయమని చెప్పలేనని కూడ అన్నాడు. అయినా ఆ అవకాశము ఉండేది. నా తొందర దానిని తీసివేసింది.

ఆ తల్లి చెప్పిన మాట

సాయంకాలము ఇంటికి వెళ్లాను. ట్యాబ్ అమ్మాయి చేతిలో పెట్టి, నాయనమ్మ ఎదుట కూర్చొని జరిగినది చెప్పాను. "అమ్మా, మీ కొడుకు పాటలు పోయినవి. నా వలననే పోయినవి. పోవని నేను చెప్పిన మాట తెలిసి చెప్పినది కాదు. క్షమించండి."

ఆమె చాలసేపు ఏమీ అనలేదు. కోడలు చాయ్ తెచ్చింది. ఆమె నా చేతికి కప్పు అందించి, అప్పుడన్నది. "తెల్వదని చెప్తే అయిపోవు గద అయ్యగారూ. తెల్వకపోతే తప్పేమున్నది?"

ప్రియులారా, పద్దెనిమిది సంవత్సరాల నుండి ప్రసంగము చేస్తున్నాను. నా వేదాంత డిప్లొమాలో నాకు ఎవరును నేర్పని పాఠము ఆ తల్లి నేర్పింది. తరువాత ఆమె నా కొరకు ప్రార్థన చేసింది. ఆ ఆదివారము నేను ఈ సంగతి సంఘములో చెప్పాను.

సెరాంపూర్‌లో మిగిలినవి, పోయినవి

ఇది వ్రాస్తుండగా మన తెలుగు క్రైస్తవ చరిత్రకు సంబంధించిన ఒక రాత్రి జ్ఞాపకము వచ్చింది. 1812 మార్చి 11. కలకత్తాకు సమీపములోని సెరాంపూర్‌లో విలియం కేరీ, ఆయన సహవాసుల ముద్రణాలయము అగ్నికి ఆహుతి అయింది. కేరీ ఆ సాయంకాలము కలకత్తాలో ఉన్నాడు. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త చెప్పాడు. తెలుగుతో సహా ఎన్నో భాషల సీసపు అచ్చు అక్షరాలు కరిగి ముద్దలయినవి. కాగితము కాలిపోయింది. కేరీ సంవత్సరాల కొలది కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి కాలిపోయింది.

అయితే బూడిద తవ్వగా, అక్షరాలను పోతపోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు చెడకుండా దొరికినవి. వారు ఏమి చేశారో చూడండి. కరిగిన ఆ సీసమునే ఏరి తెచ్చి, ఆ మూల అచ్చులతో మళ్లీ అక్షరాలు పోతపోశారు. కొద్ది నెలలలోనే ముద్రణ మళ్లీ సాగింది. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సెరాంపూర్‌లోనే అచ్చయింది.

లోహము అదే. ఆకారము చెడిపోయింది, మూలము చెడిపోలేదు. కనుక అక్షరాలు తిరిగి వచ్చినవి. నిఘంటువుకు మారుప్రతి లేదు, కనుక అది తిరిగి రాలేదు. మేడ్చల్ దుకాణములో నేను చూసినది కూడ ఈ రెండే. కంపెనీ దగ్గర మూలప్రతి ఉన్నది గనుక ట్యాబ్ లేచింది. పాటలకు మారుప్రతి లేదు గనుక అవి పోయినవి.

ఊడ్చిన ఇల్లు

ఇప్పుడు వాక్యమునకు వస్తాను. మత్తయి 12వ అధ్యాయము 43 నుండి 45 వరకు తీసి చదవండి. ఒకని విడిచిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి చూస్తుంది. ఇల్లు ఊడ్చి ఉన్నది, అమర్చి ఉన్నది, కాని ఖాళీగా ఉన్నది. అప్పుడు తనకంటె చెడ్డవైన మరి యేడింటిని వెంటబెట్టుకొని వస్తుంది. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటి దానికంటె చెడ్డదవుతుంది అని ప్రభువు హెచ్చరించాడు.

మన కుటుంబాలలో ఎన్ని రీసెట్‌లు చేస్తామో ఆలోచించండి. తాగి తాగి ఒక రాత్రి సీసాలు బయట పారవేస్తాము. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీర్మానము చేస్తాము. ఫోనులోని చెడ్డ బొమ్మలు చెరిపివేస్తాము. భార్యతో గొడవ పడి, ఊరు మారితే బాగుపడతామని కాపురము కొంపల్లికి మారుస్తాము. అవి చెడ్డవని నేను అనను. కాని మీట నొక్కగానే మొదట లేచేది ఏమిటి? తెల్లవారి లేవగానే మన హృదయములో మొదట మాట్లాడేది ఎవరు? అక్కడ వ్రాత తప్పుగా ఉంటే పైన ఎంత ఊడ్చినా పేరు వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ఆదివారము వెలుగుతాము, సోమవారము ఆరిపోతాము.

తొందరలో ఊడ్చేవాడు ఇంటిలోని మంచిని కూడ ఊడ్చివేస్తాడు. కోపములో కొడుకును బాగుచేయబోయి, వాడు మనతో మనసు విప్పి మాట్లాడే ఆ ఒక్క అలవాటును కూడ చెరిపివేస్తాము. వాని చెడు స్నేహము మాత్రము అలాగే ఉంటుంది.

దావీదు 51వ కీర్తనలో ఏమి అడిగాడు? కేవలము మరకలు తుడువమని అడిగి ఊరుకోలేదు. తన లోపల శుద్ధమైన హృదయమును సృష్టించమని వేడుకొన్నాడు. లోపలి వ్యవస్థను తిరిగి వ్రాయమని అడగడము అది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:10లో పౌలు, మనలను సృష్టించినవాని పోలిక చొప్పున నూతనపరచబడడమును గూర్చి చెప్పాడు. పొరుగువాని పోలిక కాదు, పాస్టరు పోలిక కూడ కాదు. చేసినవాని పోలిక. ఇంకొక మోడల్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ట్యాబ్ లేవదు గదా.

"మా బైబిలు చదివేవారు లేరు, మా ఇంట ప్రార్థన పోయి చాలా కాలమైంది, ఇక ఎక్కడ నుండి తిరిగి తెచ్చుకొంటాము?" అని అడిగే కుటుంబము ఉంటే యిర్మీయా 36వ అధ్యాయము చదవండి. రాజైన యెహోయాకీము దేవుని మాటలు వ్రాసిన గ్రంథపు చుట్టను చాకుతో కోసి, కుంపటిలో వేసి కాల్చాడు. మాటలు పోయినవా? దేవుడు మరియొక చుట్ట తీసికొమ్మన్నాడు. యిర్మీయా నోటి మాట చొప్పున బారూకు మళ్లీ వ్రాశాడు, ఇంకను అనేకమైన మాటలు దానికి కలిపాడు. రాజు కాల్చినది ప్రతిని మాత్రమే. మూలము పరలోకములో ఉన్నది. మీ ఇంటి ప్రార్థన ఆగిపోయి ఉండవచ్చు. చేసినవాని యొద్ద మూలము చెడిపోలేదు.

అయితే ఒక భేదము చెప్పాలి. మనుష్యుడు యంత్రము కాడు. ట్యాబ్ ఖాళీగా తిరిగి లేస్తుంది. ప్రభువు మనలను నూతనపరచినప్పుడు మన జ్ఞాపకాలను, మన పాటలను, మనము ప్రేమించినవారి ముఖములను చెరిపివేయడు. పౌలు తాను ఒకప్పుడు హింసకుడనని చివరి వరకు చెప్పుకొన్నాడు. ప్రభువు చేతి పని నా చేతి పని వంటిది కాదు. అందుకు స్తోత్రము.

ఇంటి పెద్దలకు కొన్ని మాటలు

2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదలైన చవక ట్యాబ్ ఆకాశ్‌ను బిగించినది మన హైదరాబాదులోనే. అప్పటినుండి ఈ పలకలు పల్లె ఇళ్లలోకి వచ్చినవి, ఇక పోవు. కనుక ఈ సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. ఏది పోకూడదో దానిని రెండు చోట్ల ఉంచండి. మెమరీ కార్డులో ఒకటి, మరొకరి ఫోనులోనో కంప్యూటరులోనో ఒకటి. ఫొటోలు, పాటలు గూగుల్ ఖాతాలోకి వెళ్లుతున్నవో లేదో ఈ రాత్రే చూడండి. ఖాతా ఉన్నంత మాత్రాన అన్నీ అందులోకి పోవు, ఆ ఏర్పాటు మనము తెరవాలి.

రెండు. ఖాతా పేరు, రహస్య పదము ఇంట్లో నమ్మకమైన ఒక్కరికి తెలిసేటట్లు భద్రపరచండి. మనము ఎప్పుడు పిలువబడతామో మనకు తెలియదు.

మూడు. అప్‌డేట్ చేసేటప్పుడు ఛార్జి నిండుగా ఉంచండి, మధ్యలో ఆగనీయకండి.

నాలుగు. ట్యాబ్ లేవకపోతే మొదట పూర్తిగా ఛార్జి చేసి, పవర్ బటన్ కొంతసేపు నొక్కి పట్టి చూడండి. మెమరీ కార్డు, సిమ్ తీసి పక్కన పెట్టండి. వారంటీ ఉంటే కంపెనీ సేవా కేంద్రమునకే తీసుకొని వెళ్లండి. రీసెట్ అనేది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

ఐదు. దుకాణములో ఇచ్చే ముందు "నా సమాచారము పోతుందా? మీరు వేసేది కంపెనీ అసలు సాఫ్ట్‌వేరేనా? ఈ మోడల్‌దేనా?" అని అడగండి. జవాబు చెప్పలేనివాని చేతికి ఇవ్వకండి. బ్యాంకు రహస్య సంఖ్యలు ఎవరికిని చెప్పకండి.

ఆరు. బడి ఇచ్చిన ట్యాబ్‌ను బయట ముట్టించకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న ఎనిమిదవ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు పంపిణీ మొదలై ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అటువంటివాటిలో చదువుకు తప్ప మరి దేనికి వాడకుండా కట్టడి ఉంటుంది. చెడితే బడిలోనే చెప్పండి.

ఏడు. బ్యాటరీ ఉబ్బినా, నీళ్లు పడినా, లోపలి చిప్ చెడినా సాఫ్ట్‌వేర్ వలన బాగుకాదు. ఉబ్బిన దానిని ఛార్జింగ్‌లో పెట్టనే పెట్టకండి, అది అంటుకొనగలదు.

మిగిలిన పాట

చివరగా ఒక మాట. సంఘములో నేను ఒప్పుకొన్న వారము తరువాత నాకు ఒక ఫోను వచ్చింది. మన సంఘములో పాడుతూ ఉండి, పెండ్లి చేసుకొని సిద్దిపేట వైపు వెళ్లిన ఒక చెల్లెలు. ఎవరో చెప్పగా విన్నదట. "పాస్టర్ గారూ, అన్న నాకు రాగం నేర్పనీకి ఒక పాట వాట్సాప్‌ల పంపిండు. నేను తీసెయ్యలే, ఇంకా ఉన్నది" అన్నది.

రెండు నిమిషాల చిల్లర. ఆ సాయంకాలమే దానిని మోసుకొని వెళ్లాను. నాయనమ్మ మంచము మీద కూర్చొని విన్నది. కొడుకు గొంతు, డోలక్ మీద వేళ్ల దెబ్బ. పాట సగములో, వెనుక నుండి ఒక స్త్రీ కేక వినబడింది. "అన్నం సల్లారుతుంది, తింటవా లేదా రా?"

అది ఆమె గొంతే. ఆమె నవ్వింది, ఆ తరువాత ఏడ్చింది. మళ్లీ పెట్టమన్నది.

తన కొరకు దాచుకొన్న పాటలన్నీ పోయినవి. మరొకరికి నేర్పడానికి పంపిన పాట ఒకటి మిగిలింది. నేను దీనికి ఎక్కువ వివరణ చెప్పను. ఇప్పుడు ఆ పాట నాలుగు ఫోన్లలో ఉన్నది, నా దానిలో కూడ. అమ్మాయి అదే ట్యాబ్‌లో చదువుకొని పరీక్షలు వ్రాసింది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో పెద్దలు పిల్లలతో కలిసి ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకోండి. మన ఇంట పైపైన ఊడ్చి ఊరుకొన్నది ఏది? తెలియకపోయినా తెలిసినట్లు చెప్పి ఎవరిని బాధపెట్టాము? రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే ఆ రాత్రే వెళ్లి ఒప్పుకోండి. చాయ్ కప్పు అందించేవారు ఇంకా ఉన్నారు.

ప్రార్థన: మమ్మును చేసిన తండ్రీ, మాలో చెడిన దానిని మా తొందర చేతులతో కాక నీ చేతితోనే బాగుచేయుము. తెలియని చోట తెలియదని చెప్పే వినయము మాకు దయచేయుము. మా ఇండ్లలో ఆగిపోయిన పాటను మరల ఎత్తించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.